కౌన్సెలింగ్‌కి ఒరిజినల్స్ అక్కర్లేదు

ఇది మహాకావ్యం కావలసిన కథ. ఇందులో గోదావరి రెండు పాయలు దాటే ప్రయాణం ఉంది. తండ్రి పట్టుదల ఉంది, మేనత్త శపథం ఉంది, పదహారేళ్ల పిల్ల మౌనం ఉంది. మూసిన తలుపు అవతల ఏం జరుగుతోందో తెలియక నలుగురు మనుషులు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చెమటలు తుడుచుకునే ఘట్టం కూడా ఉంది. ఓపికున్నవాళ్లు రాస్తే ఏడు ఆశ్వాసాలు వస్తుంది.

నాకు ఓపిక లేదు. పైగా ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే అంత సరుకూ లేదు. ఆ రెండు పాయలూ మేము దాటింది ఆర్టీసీ బస్సులో, సిద్ధాంతం దగ్గర ఒకటి, జొన్నాడ దగ్గర ఒకటి, రెండుచోట్లా నిలబడే. మేనత్త శపథం రెండు వారాలు కూడా నిలవలేదు. జరిగిందల్లా ఏమిటంటే మా చెల్లిని రాజమండ్రిలో కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లాం. ఐదారేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు కాబట్టి రాస్తున్నాను. కోపం ఎవరి మీద అంటే చదువుతూ పోతే తెలుస్తుంది. జాబితా పెద్దదే, అందులో నేనూ ఉన్నాను.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పెనుగొండకు ఆటోలో పావుగంట దూరంలో ఉన్న మా ఊళ్లో కౌన్సెలింగ్ అన్న మాటకి రెండే అర్థాలుండేవి. ఒకటి ఎంసెట్ కౌన్సెలింగ్. ర్యాంకు వచ్చిన పిల్లలు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకుని, తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లి, కంప్యూటరు ముందు కూర్చున్న ఆయనకి ఏ కాలేజీలో సీటు కావాలో చెప్పి రావడం. రెండోది పోలీసు స్టేషన్లో ఎస్సై గారు ఇచ్చేది. తాగి పెళ్లాన్ని కొట్టినవాణ్ణి, ఎన్నికలకు ముందు రౌడీ షీటు ఉన్నవాణ్ణి పిలిపించి ఇస్తారు. ఆ కౌన్సెలింగ్‌లో మాటల పాలు తక్కువని విన్నాను. ఈ రెండూ కాకుండా, మనిషికి మనసు బాగోలేకపోతే ఒకళ్లు ఎదురుగా కూర్చుని వినే కౌన్సెలింగ్ ఒకటుంటుందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. నేను అప్పటికి తణుకులో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాను, అన్నీ తెలుసనుకునే వయసు.

చెల్లి మా ఊరి హైస్కూల్లో పదో తరగతి ఫస్టు. ఫస్టు వచ్చిన పిల్లని ఏం చేయాలో అప్పటికి మా జిల్లా అంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. విజయవాడ అవతల ఒక హాస్టలు కాలేజీలో వేసేయాలి. వేసేశారు. అక్కడ తెల్లారకముందే బెల్లు, రోజంతా చదువు, వారం వారం పరీక్ష, ఆ మార్కులు గోడకి అంటించడం, మార్కుల్ని బట్టి పిల్లల్ని ఒక సెక్షను నుంచి ఇంకో సెక్షనుకి దించడం. చెల్లిని జూన్‌లో మొదటి సెక్షన్లో కూర్చోబెట్టారు. దసరాకి ఇంటికి వచ్చేటప్పటికి ఆఖరి సెక్షన్లో ఉంది.

వచ్చినప్పటి నుంచి తినదు, నిద్రపోదు, అడిగితే పలకదు. కూర్చున్నచోట చూపుడు వేలితో అరచేతిలో ఏదో రాసుకుంటూ ఉంటుంది. ఒకసారి తొంగిచూశాను. లెక్కలు. తిరిగి వెళ్లాల్సిన రోజు పొద్దున బ్యాగు సర్దుతుంటే వాంతి చేసుకుంది. మర్నాడు వెళ్దువుగాని అన్నారు. మర్నాడు బ్యాగు చూడగానే వాంతి. నాలుగో రోజుకి బ్యాగుని అటక మీద పెట్టి తణుకులో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అన్ని పరీక్షలూ చేయించారు. అన్నీ నార్మల్ అని వస్తే నాన్న ముఖం మళ్లీ పదో తరగతి ఫలితాలు వచ్చినట్టు వెలిగింది. డాక్టరు గారు పదిహేను రోజులకి మెడికల్ సర్టిఫికెట్ రాసి, ఇంకో చీటీ మీద రాజమండ్రి అడ్రసు రాసి, దాని కింద కౌన్సెలింగ్ అని ఇంగ్లీషులో రాసి ఇచ్చారు.

పదిహేను రోజులు దాటితే పేరు కొట్టేస్తామని హాస్టలు వాళ్లు ఫోన్లో చెప్పారు. అందుచేత మా ఇంట్లో అందరి తాపత్రయం పదిహేను రోజుల్లో పిల్లని మళ్లీ ఆ బస్సు ఎక్కించడం. ఎక్కుతుందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఎప్పుడు ఎక్కుతుంది అన్నదే ప్రశ్న. అసలు ఎక్కాలని ఉందా అని ఆ పిల్లని ఒక్కరూ అడగలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా పెన్ను గట్టిగా నొక్కుతున్నాను.

అడగకపోయినా రోగ నిర్ణయం మాత్రం వీధంతా చేసింది. దిష్టి అంది పక్కింటావిడ. గాలి సోకిందన్నారు ఎదురింటివాళ్లు. ఎవణ్ణయినా ప్రేమించిందేమో నెమ్మదిగా అడగండని మా అమ్మ చెవిలో చెప్పి, వీధి చివరిదాకా వినపడేలా నిట్టూర్చింది ఇంకొకావిడ. వారానికోసారి పని ఉందని యానాం వెళ్లి, రాత్రికి ఆ పని పూర్తిచేసుకుని తూలుకుంటూ దిగే పెద్దమనిషి ఒకాయన మా అరుగు మీద కూర్చుని, ఈ కాలం పిల్లలకి మనోనిబ్బరం లేదండి అన్నాడు. ఆయనకి మా అమ్మ కాఫీ ఇచ్చింది. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.

మేనత్తది మా వెనక వీధి. నాన్నకి అక్క, నాన్న ఆవిడ మాట జవదాటడు. చీటీ చూసి, కౌన్సెలింగంట అని ఊళ్లో చెప్పేసింది. దాచాలనుకున్న సంగతిని ఎలా దాచాలో మా అత్తకి తెలియదు. కానీ ఈసారి కౌన్సెలింగ్ అన్న మాటే అసలు సంగతిని దాచిపెట్టింది. సాయంత్రానికి కిరాణా కొట్టాయన నన్ను ఆపాడు.

"ఏంటండీ, చెల్లాయి గారికి కౌన్సెలింగంట కదా. ఇంటర్ అవ్వకుండానే సీటొచ్చేసిందేంటండీ?"

"ఆ కౌన్సెలింగ్ కాదండి."

ఆయన ముఖం మారిపోయింది. గొంతు తగ్గించాడు.

"అయ్యయ్యో. ఏం చేసిందండీ?"

అబ్బే, సీటు సంగతేనండి అని మొదటి అర్థమే ఉంచేశాను. తల్లిదండ్రులకి పరువు దక్కింది, కొట్టాయనకి అనుమానం దక్కింది.

అసలు విచిత్రం ఏమిటంటే, ఇది ఆ కౌన్సెలింగ్ కాదని డాక్టరు గారి నోటి నుంచి విన్న నాన్న కూడా పూర్తిగా నమ్మలేదు. కిందటేడు మా పెదనాన్న కొడుకుని కౌన్సెలింగ్‌లో కులం సర్టిఫికెట్ జెరాక్స్ ఒక సెట్టు తక్కువైందని మధ్యాహ్నం దాకా బయట నిలబెట్టారు. పక్కన నిలబడింది నాన్నే. ఆ దెబ్బతో, కౌన్సెలింగ్ అని పేరున్నది ఏదైనా సరే కాగితాలు లేకుండా వెళ్లకూడదని ఆయనకి స్థిరపడిపోయింది. చెల్లి పదో తరగతి మార్కుల లిస్టు, స్టడీ సర్టిఫికెట్లు, కులం, నివాసం, ఆదాయం, పుట్టిన తేదీ అన్నీ ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి, మూడేసి సెట్ల జెరాక్స్ తీయించి, గెజిటెడ్ సంతకం కోసం పశువుల ఆస్పత్రికి వెళ్లి డాక్టరు గారి చేత స్టాంపు వేయించుకొచ్చాడు. మనసు బాగోలేని పిల్ల పత్రాలు మా గేదెల డాక్టరు గారు నిజమేనని ధ్రువీకరించారు.

"ఎందుకు నాన్నా ఇవన్నీ?" అన్నాను.

"ఉంటే పోయేదేముందిరా. లేకపోతే మళ్లీ తిరగాలి."

గురువారం బయల్దేరాం. నాన్న, అమ్మ, చెల్లి, నేను, మా తమ్ముడికి నోరు లేదు, నేను రాకపోతే ఎలా అంటూ అత్త. మా నాన్నకి నోరు లేదన్న సంగతి మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. బస్సులో చెల్లికి సీటు దొరికింది. మేమందరం చుట్టూ నిలబడి ఆ పిల్లకి పాఠం చెప్పడం మొదలుపెట్టాం.

"అడిగినదానికి టకటకా చెప్పాలమ్మా. నసగకూడదు," అన్నాడు నాన్న.

"అన్నం తింటున్నావా అంటే తింటున్నానని చెప్పు. మేము పెట్టట్లేదనుకుంటారు," అంది అమ్మ.

"ఇంటి సంగతులు అడిగితే మాత్రం నాకేం తెలీదని చెప్పవే," అంది అత్త. తర్వాత నాన్న వైపు తిరిగి, "రాజమండ్రి దాకా వెళ్తున్నాం కదరా తమ్ముడూ, పనిలో పని కోరుకొండ కూడా వెళ్లి కొబ్బరికాయ కొట్టేద్దాం. స్వామిని చూస్తే అదే సర్దుకుంటుంది," అంది.

మా ఇంటి గుమ్మం మూడు మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్న పిల్లని ఆ కొండ మెట్లన్నీ ఎక్కించాలట. దేవుడి మీద నాకు కోపమేమీ లేదు, ఆయన ఎవర్నీ ఎక్కి రమ్మని చీటీ పంపలేదు. కొండ సంగతి తర్వాత చూద్దామని నాన్న అనేటప్పటికి బస్సు జొన్నాడ వంతెన ఎక్కింది. అమ్మ కిటికీలోంచి గోదారికి దణ్ణం పెట్టింది. చెల్లి కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. దణ్ణమనుకున్నాను. జవాబులు వల్లె వేసుకుంటోందని తర్వాత తెలిసింది.

దానవాయిపేటలో ఒక మందుల షాపు పైన రెండు గదులు. బయటి గదిలో ఒక అమ్మాయి ఫారం ఇచ్చింది. పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడతారు. చెల్లి చేతికిచ్చిన ఫారాన్ని నాన్న తీసుకుని నింపాడు. ఎవరితో ఎక్కువ మాట్లాడతారు అన్నచోట "అందరితోనూ" అని రాశాడు. వారాల తరబడి నోరు విప్పని పిల్ల పక్కనే కూర్చుని చూస్తోంది. అంతా నింపి, వెనక్కి తిప్పి చూసి, "మార్కులు రాసే చోటు ఏదమ్మా?" అని అడిగాడు.

లోపల కౌన్సెలర్ గారు నలభై ఏళ్ల ఆవిడ. నేత చీర, మెడలో స్టెతస్కోపు లేదు. అది లేకపోవడం అత్తకి మొదటి నిరాశ. గదిలో ఒక మూల చిన్న బల్ల, రంగు పెన్సిళ్లు, తెల్ల కాగితాలు, నాలుగైదు బొమ్మలు. మాటలు చెప్పలేని చిన్నపిల్లలైతే బొమ్మలు గీయిస్తారట. అత్త ఆ మూలకేసి చూసి, "అంగన్‌వాడీలా ఉందేంటి," అని గొణిగింది.

నాన్న ఫైలు తీసి రెండు చేతులతో అందించాడు. ఆవిడ తీసుకున్నారు, తెరిచారు, మార్కుల లిస్టు చూశారు, మూసి తిరిగి ఇచ్చేశారు.

"ఇవి నాకు అక్కర్లేదండి. జాగ్రత్తగా దాచుకోండి."

"జెరాక్సులు మూడు సెట్లున్నాయండి మేడం గారూ. అటెస్ట్ చేయించాను."

"మంచిదండి. అవి కూడా అక్కర్లేదు."

మా నాన్న జీవితంలో కాగితాలు అక్కర్లేదన్న ఆఫీసు అదే మొదటిది. ఆయనకి అక్కడే ఆ చోటు మీద నమ్మకం సగం పోయింది.

ఆవిడ చెల్లి వైపు తిరిగి, "ఏం తినడం ఇష్టమమ్మా నీకు?" అన్నారు.

"గుత్తివంకాయ అంటే ప్రాణమండి," అంది అమ్మ.

"చిన్నప్పుడండి. ఇప్పుడు బంగాళాదుంప వేపుడు," అన్నాడు నాన్న.

"ఏదీ తినదండి, అదే కదా మా బాధ," అంది అత్త.

నేను కూడా ఏదో అనబోయాను, నోట్లోకి జోకు వచ్చింది కూడా. ఆవిడ చేయెత్తారు. "అడిగింది అమ్మాయినండి," అన్నారు, గొంతు పెంచకుండానే. తర్వాత అందరికీ కలిపి ఒక సంగతి చెప్పారు. మొదటిసారి వెళ్లేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది అదే. "అమ్మాయి నాతో చెప్పినది అమ్మాయి ఒప్పుకోకుండా మీకు చెప్పనండి. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం చెప్తాను. అది ఇప్పుడే, అమ్మాయి ముందే చెప్పేస్తున్నాను."

"ఆయ్," అన్నాడు నాన్న.

ఆయ్ అంటే మా వైపు ఒప్పుకున్నట్టు కాదు. వినపడిందని మర్యాద చేయడం. ఆవిడ వేరే ఊరావిడ కావడం చేత ఒప్పుకున్నారనుకుని, మమ్మల్ని బయట కూర్చోమన్నారు.

తలుపు మూసుకోగానే మర్యాద అయిపోయింది.

"నా కూతురు చెప్పింది నాకు చెప్పరా? ఇదెక్కడి పద్ధతిరా?" అన్నాడు నాన్న.

"మన గురించి ఏం చెప్తోందో," అంది అమ్మ.

అత్త లేచి వెళ్లి తలుపు పక్కన గోడకున్న క్యాలెండరు చూడటం మొదలుపెట్టింది. ఆ క్యాలెండరులో అంత సేపు చూడాల్సింది ఏమీ లేదు. ఫారాలిచ్చే అమ్మాయి, "ఇలా వచ్చి కూర్చోండమ్మా," అంది. అత్త వచ్చి కూర్చుని, ఇంకోసారి ఈ గుమ్మం తొక్కితే పేరు మార్చుకుంటానంది. యాభై నిమిషాలు గడిచాయి. నాన్న ఫైలుని ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ఆ యాభై నిమిషాల్లో లోపల పిల్ల ఎలా ఉందో అని ఒక్కరూ అనలేదు. మనల్ని ఏమంటుందో అన్నదే అందరి బెంగ.

తలుపు తెరుచుకుంది. నాన్న లేచి చేయి చాపాడు. "చీటీ ఇవ్వలేదేంటండీ?"

"మందులేమీ రాయలేదండి. నేను మందులు రాసే డాక్టర్ని కాదు. అవసరమనిపిస్తే ఆ డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఈరోజు మాట్లాడుకున్నాం. సోమవారం మళ్లీ రండి."

"ఎన్ని సార్లు రావాలండి?"

"ఇప్పుడే చెప్పలేనండి."

 బస్సు కాంప్లెక్సుకి వచ్చాక నాన్న, "మాట్లాడుకోడానికి రాజమండ్రి దాకా రావాలా? ఇంట్లో మనుషుల్లేరా?" అన్నాడు. బస్సు ఏ ప్లాట్‌ఫారమో కనుక్కోవడానికి ఆయనా అత్తా వెళ్లారు. అమ్మ నీళ్ల కోసం వెళ్లింది. బెంచీ మీద నేనూ చెల్లీ మిగిలాం. ఇన్ని రోజుల తర్వాత అది తనంతట తాను నాతో మాట్లాడింది.

"అన్నయ్యా, రెండు వదిలేశాను."

"ఏం రెండు?"

"ప్రశ్నలు. పద్దెనిమిది అడిగారు. రెండిటికి తెలీదన్నాను. మైనస్ మార్కులుంటాయా?"

ఉండవని చెప్పాను. అది పరీక్ష కాదని చెప్పాను. నమ్మలేదు. దాని తప్పేం లేదు. పొద్దున బస్సులో దాని చుట్టూ నిలబడి పరీక్షకి తయారు చేసింది మేమే.

"మిగతావి ఎలా చెప్పావు మరి?" అన్నాను.

అరచేతిలో వేలితో గీతలు గీసుకుంటూ చెప్పింది. "బాగా చెప్తే బాగైపోయిందని హాస్టల్‌కి పంపేస్తారు. చెప్పకపోతే పిచ్చని రాసేస్తారు. అందుకని సగం కరెక్టుగా, సగం తప్పుగా చెప్పాను."

నాకు ప్రతిదానికీ ఏదో ఒకటి అనే అలవాటుంది. ఆ రోజు దాని వేలు ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను. ఫస్టు వచ్చిన పిల్ల, తన బుర్రనంతా వాడి, పాసూ ఫెయిలూ కాకుండా సరిగ్గా మధ్యలో ఆగడానికి కష్టపడింది. దాన్ని అంత తెలివైన దాన్ని చేశామని సన్మానాలు చేయించుకున్నవాళ్లం మేము.

"సోమవారం ఇదే మాట ఆవిడతో చెప్పు," అన్నాను. "ఇప్పుడు నాతో చెప్పినట్టే."

"నాన్నకి చెప్పేస్తారేమో."

"చెప్పనన్నారు కదా."

"అందరూ అలాగే అంటారు," అంది. అప్పటికి అత్త బస్సు లోంచి చేయి ఊపుతోంది.

సోమవారం అత్త రాలేదు. శపథం ఉంది కదా. ఈసారి కౌన్సెలర్ గారు చెల్లి కంటే ముందు అమ్మానాన్నల్ని లోపలికి పిలిచారు. పిల్లకి బాగోకపోతే మమ్మల్ని పిలవడమేంటని నాన్న గుమ్మం దగ్గర కాస్త నసిగాడు. పిల్లల సంగతి చూసేచోట పెద్దవాళ్లని కూడా కూర్చోబెడతారని మాకు అప్పటిదాకా తెలియదు. బయటికి వచ్చాక అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏం అడిగారని అడిగితే, "మీరేమనుకుంటున్నారని నన్ను అడిగారురా. నేను మీ నాన్న వంక చూశాను. ఆయన్ని కాదండి, మిమ్మల్నే అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు," అంది. అదేదో తను తప్పు చేసినట్టు చెప్పింది. తర్వాత చెల్లి లోపలికి వెళ్లి గంట దాకా రాలేదు. వచ్చాక నా పక్కన కూర్చుని, "చెప్పాను," అంది. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిందని అమ్మ మర్నాడు వీధంతా చెప్పింది.

మెడికల్ లీవు ఇంకా నాలుగు రోజులుందనగా మూడోసారి వెళ్లాం. ఈసారి అందరూ రావాలని ఆవిడే కబురు పెట్టారు. అత్త వచ్చింది. పేరు మార్చుకోలేదు. ఐదుగురం గుండ్రంగా కూర్చున్నాం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదన్నది అక్కడి నియమం. మా వంశంలో అటువంటి ప్రయోగం అంతకుముందు జరగలేదు.

"మీ వంతు వస్తుందండి," అన్నారు ఆవిడ అత్తతో, మూడోసారి.

"నేను మాట్లాడలేదమ్మా, ఊరికే అన్నాను."

చివరికి గది నిశ్శబ్దమైంది. చెల్లి ఒకసారి కౌన్సెలర్ గారి వైపు చూసి, తర్వాత నాన్న మోకాళ్లకేసి చూస్తూ చెప్పింది.

"నేను హాస్టల్‌కి వెళ్లను నాన్నా."

నాన్న వెంటనే, మెత్తగానే అన్నాడు. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదా తల్లీ. చెప్తే ఎవరు కాదన్నారు?"

నాకు ఒళ్లు మండింది. చెప్తే ఎవరు కాదన్నారు అన్న ఈ మాటని మా ఇళ్లల్లో ఇటికల్లా పేర్చి గోడలు కడతారు. చెప్పినప్పుడు వినరు, చెప్పడం మానేశాక ఎందుకు చెప్పలేదంటారు. లేచి ఏదో అనేవాణ్ణే. నాకంటే ముందు చెల్లి అంది.

"చెప్పాను నాన్నా. మూడుసార్లు చెప్పాను."

 అది లెక్క అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది.

"వినాయక చవితి వెళ్లాక ఆదివారం నీకు ఫోన్ చేశాను. ఇక్కడ ఉండలేకపోతున్నానన్నాను. అలవాటవుతుందిలే, వెనకాల లైన్లో పిల్లలున్నారు పెట్టేయమన్నావు. దసరాకి వచ్చిన రోజు జడ వేస్తుంటే అమ్మతో చెప్పాను. నాన్నతో అనకు, బాధపడతారంది." ఆగింది. "ఆ మర్నాడు అరుగు మీద అన్నయ్యతో చెప్పాను."

నాన్న నా వైపు తిరిగాడు. నాకు నిజంగా గుర్తు లేదు.

"అన్నయ్య ఏమన్నాడమ్మా?" అన్నారు కౌన్సెలర్ గారు.

"హాస్టల్ సాంబార్లో ముక్క దొరికితే ఆ రోజు సెలవిస్తారంటగా, దొరకలేదా అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వాను." చెల్లి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నవ్వాక ఇంక మళ్లీ చెప్పడం కుదరలేదు."

 అత్త తన వంతు వచ్చినా మాట్లాడలేదు. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. వీధిలో ఒక్కొక్కళ్లనీ పట్టుకుని, పిల్లని అడిగారా, పిల్ల మాట విన్నారా అని ఇన్నాళ్లుగా మనసులో తిట్టుకుంటున్నవాణ్ణి నేను. యానాం పెద్దమనిషి కనీసం ఆ పిల్లని నవ్వించలేదు.

నాన్న, "ఇప్పుడేం చేయమంటారండి?" అన్నాడు ఆవిడతో.

"నన్ను కాదండి."

అది అర్థం కావడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. కుర్చీలో పక్కకి తిరిగాడు. ఎరువుల కొట్లో, సొసైటీ ఆఫీసులో, బ్యాంకులో గంటలకొద్దీ మాట్లాడగలిగిన మనిషి, ఒక చిన్న ప్రశ్న అడగడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఏం చేద్దామమ్మా?"

"పెనుగొండ కాలేజీలో చదువుకుంటాను. ఇంటి నుంచి వెళ్లొస్తాను."

"ఇంజనీరింగుకేనా?"

"ఇప్పుడే తెలీదు నాన్నా."

తెలీదన్న జవాబుకి ఎవరూ మార్కులు తగ్గించలేదు. నాన్న ఇంకా ఏదో అడగాలనుకుని, ఆవిడ వైపు చూసి, మానేశాడు. "సరే," అన్నాడు.

ఇంతటితో అంతా బాగైపోయిందని రాస్తే బాగుంటుంది, కానీ కాలేదు. సంక్రాంతి దాటేవరకు చెల్లిని రెండు వారాలకొకసారి రాజమండ్రి తీసుకెళ్లాం. మధ్యలో రెండు నెలలు ఆవిడ ఇంకో డాక్టరు దగ్గరికి పంపితే నిద్రకి మాత్రలు కూడా ఇచ్చారు. మాత్రల పేరు చీటీ మీద చూసుకున్నాక గానీ నాన్నకి అది వైద్యమన్న నమ్మకం కలగలేదు. కొన్ని వారాలు బాగుండేది, కొన్ని వారాలు మళ్లీ అరచేతిలో లెక్కలు. ఒకరోజు అక్కడి నుంచి వస్తూ, ఈరోజు యాభై నిమిషాలూ ఏమీ మాట్లాడలేదు, ఆవిడ కూడా ఊరికే కూర్చున్నారు అంది. అలా కూడా ఉంటుందట. మా ఊళ్లో మాత్రం కౌన్సెలింగ్‌లో పెనుగొండలో సీటొచ్చిందని స్థిరపడిపోయారు. అంత దూరం వెళ్లి ఇంత దగ్గర సీటు తెచ్చుకోవడమేంటని కొట్టాయన జాలిపడ్డాడు.

ఆ మూడోసారి వెళ్లొచ్చిన మర్నాడే నాన్నా నేనూ టీసీ కోసం విజయవాడ బస్సెక్కాం.  ఏలూరు దాటాక నాన్న, "ఆ ఫోన్ చేసినప్పుడు నిజంగానే వెనకాల లైన్లో పిల్లలున్నారంటావా?" అని అడిగాడు. ఉండే ఉంటారన్నాను. హాస్టల్లో మాత్రం టీసీ ఇవ్వాలంటే తండ్రి స్వయంగా సంతకం పెట్టిన అర్జీ, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చినట్టు చీటీ కావాలి. ఆ కౌంటరు మధ్యాహ్నం ఒంటిగంటకి మూసి రెండున్నరకి తెరుస్తారు, శనివారం పూట తెరవరు.